కొండను బ్యాటరీ చేస్తామన్నవాళ్లు

భూమి వేడెక్కుతోందని నాకు ఎవరూ నచ్చజెప్పనక్కర్లేదు. నేను ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని, పైగా పాడేరులో కాపురం. కాఫీ పూత విచ్చుకోవాల్సిన రోజుల్లో వాన రాకపోవడం, గింజలు కళ్లంలో ఆరాల్సిన రోజుల్లో కుమ్మరించి పోవడం ఏటేటా చూస్తున్నాను. బొగ్గు మండించడం ఆపాలనీ, ఎండనీ గాలినీ కరెంటు చేసుకోవాలనీ స్టాఫ్ రూమ్‌లో నేను వాదించని రోజు లేదు. నాతో వాదనకి దిగడం కన్నా నా క్లాసు కూడా తామే చెప్పుకోవడం సుఖమని మా కాలేజీలో మగ లెక్చరర్లు అనుకుంటారట. అనుకోనీ.

అందుకే ఆ కంపెనీ ఇంజనీరు మా ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుంటూనే, "మీలాంటివాళ్లు మా వైపుండాలి మేడమ్" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ముప్ఫై దాటని మనిషి. మాట మెత్తన, బూట్లు కొత్తవి. చింతపల్లి దారి నుంచి పక్కకు చీలే ఒక లోయలో వాళ్ల ప్రాజెక్టు. కింద గెడ్డకి, అంటే కొండవాగుకి, అడ్డంగా ఒక ఆనకట్ట, పైన కొండ నెత్తి మీద ఒక చెరువు. పగలు మైదానంలో సోలార్ కరెంటు మిగిలిపోయినప్పుడు దానితో గెడ్డ నీళ్లను పైకి తోడతారు. పొద్దుపోయాక ఊళ్లల్లో దీపాలు వెలిగే వేళకి ఆ నీళ్లను కిందికి వదిలి మళ్లీ కరెంటు తీస్తారు.

"కొండే మన బ్యాటరీ మేడమ్," అన్నాడు మురిసిపోతూ.

"బ్యాటరీలో మనుషులుండరు. ఆ కొండ మీద కాఫీ తోటలున్నాయి."

"మరి ఎండ కరెంటు నిలవ ఉండదు కదా? రాత్రికి బొగ్గు మండించమంటారా?"

"నిలవ చేసే పెట్టెలు తయారవుతున్నాయిగా. అవి తెచ్చుకోండి."

"ఆ పెట్టెలు ఈ కొండల్లోకి వచ్చాయి మేడమ్. మీకే తెలుసు ఏమయ్యాయో."

అక్కడ దొరికిపోయాను. చాలా గూడేల్లో సోలార్ దీపాలు పెట్టారు. రెండు వానాకాలాలు తిరక్కుండానే బ్యాటరీలు చచ్చాయి. బాగుచేసేవాడు రాలేదు. ఇప్పుడు ఆ సోలార్ పలకల మీద ఆడవాళ్లు పిప్పళ్లు ఆరబోసుకుంటున్నారు. చచ్చింది బ్యాటరీ కాదు, దాన్ని చూడాల్సిన ఆఫీసు అన్నాను. ఆఫీసుని ఏ ఫ్యాక్టరీలో తయారుచేయిస్తారు అన్నాడు. మనిషి మెత్తగా ఉన్నాడు గానీ మాట పడేరకం కాదు. నాకు కాస్త నచ్చాడు. పై గూడెంలో వాళ్లు పెట్టుకున్న మీటింగుకి నన్ను కూడా రమ్మంటే సరే అన్నాను. అక్కడ అందరి ముందూ వాడి మాట వాడికే అప్పజెప్పాలని నా ఉద్దేశం.

ఆ గూడెంలో నాకు వదిన ఉంది. రక్తసంబంధం ఏమీ లేదు. ఆమె కూతురు మా కాలేజీలో చదువుకున్నప్పుడు ఒకసారి అరటి గెల నెత్తిన పెట్టుకుని వచ్చి, నేను ఎవరినో తిడుతుంటే గుమ్మంలో నిలబడి విన్నది. "అచ్చం మా ఆడపడుసు నోరే. ఏటి వదినా, బాగున్నావేటి?" అని వరస కలిపేసింది. కొండ నెత్తిన చెరువు వస్తుందన్నచోట ఆమె కాఫీ తోట, మిరియపు తీగలు, ఇంటికి తిండి పెట్టే చోడి చేను. ఇంకెక్కడా సెంటు భూమి లేదు.

అది చైత్రం. ఏజెన్సీలో ఇటుకల పండగ రోజులు. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని వేటకి పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురుబొంగు పట్టుకుని, వచ్చే పోయే బళ్లను ఆపి, పాడి, ఆడి, పండగ డబ్బులు పుచ్చుకుని వదులుతారు. వేటకి పోయి వట్టి చేతుల్తో దిగిన మగాడి మీద బకెట్లతో పేడనీళ్లు కొడతారు. నోటికొచ్చిన తిట్లు తిడతారు. ఆ తిట్లకి ఎవరూ ఏమీ అనుకోకూడదు. అడవిలో ఇప్పుడు దొరుకుతున్నదేముంది, చాలామంది వట్టి చేతుల్తోనే దిగుతారు, పేడనీళ్లకి కరువు లేదు. ఆ రోజుల్లో మాలో ఎవరికైనా దారిలో బొంగు కనిపిస్తే చేయి జేబులోకి పోతుంది. ఇంజనీరుకి పండగంటే గుడి దగ్గర జరిగేది. రోడ్డు మీద నిలబడే పండగ అతను వినలేదు. అంతకు ముందు నెల వేరే ఊళ్లో ఆడవాళ్లు కారంపొడి, చీపుళ్లు పట్టుకుని వాళ్ల సర్వేవాళ్లని తరిమారు. ఆ భయం అతనిలో ఇంకా పచ్చిగానే ఉంది.

జీపులో ముగ్గురం. అనకాపల్లి వైపునుంచి వచ్చిన డ్రైవరు, అతని పక్కన ఇంజనీరు, వెనక సీట్లో నేను. భూమిని చల్లబరచడానికి డీజిలు జీపులో పోతున్నామని నేను ఎత్తిపొడిచాను. మరి మీరు నడిచొస్తారా అని అతనన్నాడు. అలా వాదించుకుంటూనే మలుపు తిరిగాం.

మలుపులో బొంగు. బొంగు వెనక ఓ పాతికమంది ఆడవాళ్లు, చేతుల్లో బకెట్లు. పక్కన కొండవాలు మీద చెట్ల సందుల్లోంచి మగవాళ్లు దిగుతున్నారు, భుజాన విల్లులు.

"మాటేశారు! ఆపకు, పోనీ!" అని ఇంజనీరు అరిచాడు.

"పండగరా నాయనా, ఆపు!" అని నేను అరిచాను.

డ్రైవరుకి చెవులు రెండు, జీతమిచ్చేవాడు ఒకడు. కాలు నొక్కేశాడు.

వెదురు పగలడం తుపాకీ పేలినట్టుంది. ఒక కొస చెట్టుకి కట్టి ఉంది. రెండో కొస పట్టుకున్న ఆడవాళ్లలో ఇద్దరు ఎగిరి పక్కన పడ్డారు. మూడో మనిషిని చీలిన బొంగు జీపు కిందికి లాక్కుపోయింది. బండి ఏదో మెత్తటిదాని మీద ఎక్కి దిగింది. ఆ ఊపు నా వెన్నులోకి వచ్చింది. ఇవాళ్టికీ బస్సు స్పీడు బ్రేకరు ఎక్కబోతుంటే ముందు సీటు కడ్డీ పట్టుకుంటాను. తర్వాత జీపు గట్టుకి గుద్దుకుని ఆగింది.

తలుపు తోసుకుని దిగాను. వెనక రోడ్డు మీద పడి ఉన్నది మా వదిన. ఎడమ కాలు మోకాలి కింద ఉండాల్సిన దిక్కున లేదు. ఎముక తెల్లగా బయటికొచ్చింది. పేడనీళ్ల బకెట్టు ఆమె మీద బోర్లాపడి, ఆ పచ్చటి నీళ్లలో నెత్తురు కలిసి పల్లానికి పారుతోంది.

తర్వాత కొండ మీదనుంచి అరుపు లేచింది.

ఆ రోజు వాళ్లకి ఒక్క కుందేలు కూడా దొరకలేదట. తిట్లు తినడానికి సిద్ధపడి, నవ్వుకుంటూ దిగుతున్నారట. ఆ నవ్వు మొహాలమీద ఆరకముందే కిందికి దూకారు. డ్రైవర్ని కిటికీలోంచే జుట్టు పట్టి బయటికి లాగారు. విల్లు కర్రలతో కొట్టారు. వాడు "అమ్మా, అమ్మా" అంటూ చేతులు అడ్డం పెడితే ఆ చేతుల మీద కొట్టారు. ఒకడు రాయి తీసుకుని నోటి మీద మోదాడు. పళ్లు రాలిన చప్పుడు కూడా వినబడుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంజనీరు అటువైపు నుంచి దిగి పరుగెత్తబోయాడు. ఆడవాళ్లు చుట్టుముట్టి బకెట్లతోనే బాదారు. చెవి చీలి మెడమీదికి వేలాడింది. ఎవరో వాడి రొమ్ముకి ఎదురుగా బాణం ఎక్కుపెట్టి, లాగిన నారి వదలకుండా నిలబడ్డాడు.

నేను మధ్యలోకి పోయాను. ధైర్యమనకండి, నా కాళ్లు నన్ను అడగలేదు. కర్ర దెబ్బ ఒకటి నా మెడ పక్క ఎముక మీద పడింది. "చంపితే మీరంతా జైలుకి పోతార్రా! పండగని వీళ్లకి తెలీదురా!" అని గొంతు చించుకున్నాను. స్టాఫ్ రూమంతటినీ నోరు మూయించే నా వాదన అక్కడ దోమంత కూడా వినిపించలేదు.

ఈలోగా మా అన్నయ్య, అంటే వదిన మొగుడు, గొడ్డలి తీసుకుని జీపు మీద పడ్డాడు. ముందు అద్దం ఒక్క దెబ్బకి గుల్లయింది. దీపాలు పోయాయి. బానెట్ మీద రెండు దెబ్బలు పడ్డాయి. మూడో దెబ్బకి గొడ్డలి ఎత్తాడు.

అప్పుడు రోడ్డు మీద నుంచి వదిన గొంతు లేచింది.

"ఓరి సన్నాసోడా! ఆ బండి పగలగొట్టీసి నన్ను నీ నెత్తి మీద ఎట్టుకు తీసుకెళ్తావేటి? నెత్తురంతా పోతంది నాకు. బేగి ఎక్కించండ్రా!"

గొడ్డలి గాల్లోనే ఆగింది. పండగ రోజుల్లో ఆడదాని తిట్టుకి మగాడు ఎదురు చెప్పకూడదు. అది అలవాటైన చేయి. విల్లు వంచినవాడు కూడా నారి సడలించాడు. ఆ లోయలో ఫోను పలకదు, అంబులెన్సుని పిలవడానికి కూడా కొండెక్కాలి. ఉన్న బండి అదొక్కటే. డ్రైవరు లేచే స్థితిలో లేడు.

నా చీర కొంగు చింపి ఆమె తొడకి కట్టి, పగిలిన వెదురు ముక్క దూర్చి మెలితిప్పాను. ఆమె నా చేయి కొరికింది. ఆ పంటి గాట్లు ఇంకా ఉన్నాయి. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. డ్రైవర్ని మా కాళ్ల దగ్గర నేల మీద పడేశారు. అన్నయ్య గొడ్డలి పట్టుకునే ఫుట్‌బోర్డు మీద వేలాడాడు. చెవి మీద రుమాలు అదుముకుని ఇంజనీరు స్టీరింగు పట్టుకున్నాడు. అద్దం లేని జీపులోకి గాలి మొహాన కొడుతోంది. గాజు పెంకులు ఒళ్లోకి రాలుతున్నాయి. ఏ మలుపులో ఆలస్యం చేసినా అన్నయ్య గొడ్డలి మొద్దు వైపుతో తలుపు మీద కొడుతున్నాడు.

కొంత దూరం పోయేసరికి వదిన కళ్లు మూతలు పడుతున్నాయి.

"మాట్లాడు. వదినని నిద్రపోనివ్వకు," అన్నాను ఇంజనీరుతో.

"ఏం మాట్లాడను మేడమ్?"

"ఏదో ఒకటి చెప్పి చావు!"

వాడికి వచ్చింది ఒక్కటే. ఏడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, ఘాట్ మలుపులు తిప్పుతూ, ప్రాజెక్టు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పగలు ఎండకి కరెంటు ఎక్కువైపోతుందమ్మా, దాన్ని దాచుకోవాలమ్మా, లేకపోతే బొగ్గు మండిస్తారు, బొగ్గు మండితే వానలు తప్పిపోతాయి, మీ కాఫీకే నష్టమమ్మా అని.

"వానలు తప్పిపోనాయి," అంది వదిన కళ్లు తెరిచి. "అది నిజిమే. మరి మా కాఫీ బాగుండాలని మా కాఫీనే ముంచీస్తావేటి?"

"అక్కడ... అక్కడ ఎత్తు బాగుందమ్మా. నీళ్లు పైకెక్కించి మళ్లీ వదలాలి."

"రోజూనా?"

"రోజూ."

"ఎక్కించిన నీళ్లే మల్లీ దింపడం, దింపినవే మల్లీ ఎక్కించడం?"

"అవునమ్మా."

"నీకు పనీ పాటా లేదేటి బాబూ!" అంది. ఆ స్థితిలో కూడా నాకు నవ్వొచ్చి, వెంటనే ఏడుపొచ్చింది. తర్వాత ఆమె కింద మూలుగుతున్న డ్రైవరు వైపు చూసి, "ఓరే, పళ్లు రాలిపోనాయేటి? పండగ నాడు మాంసం నమల్లేవింక" అంది. ఆపైన బూతులు తిట్టింది. అవి ఇక్కడ రాయను. పాడేరు ఆసుపత్రి గేటు వచ్చేదాకా తిడుతూనే ఉంది. తిడుతున్నంతసేపూ బతికి ఉందని నేను ఆ మాటలు జపంలా విన్నాను.

కాలు తీసేయాలన్నారు. తర్వాత విశాఖపట్నం పంపించారు. అక్కడ ఇనుప కడ్డీ వేసి కాలు నిలబెట్టారు. డ్రైవరు దవడకి తీగలు కట్టారు. కానీ విశాఖ పంపేముందు పాడేరు ఆసుపత్రి వరండాలో ఇంకొకటి జరిగింది. ఎస్సై వచ్చి ఏమైందని అడిగాడు.

"దారి మూసేసి, విల్లంబులతో మాటేసి ఉన్నారు సార్," అన్నాడు ఇంజనీరు. "ప్రాణాలతో బయటపడడమే ఎక్కువ."

చెంప మీద కొట్టాను. కట్టు కట్టిన చెవి వైపే పడింది, గుడ్డ మీద మళ్లీ ఎర్రగా ఊరింది. దానికి నేనేమీ సిగ్గుపడడం లేదు.

"మళ్లీ చెప్పు. పాటలు పాడుతూ మాటేశారని కూడా చెప్పు. నిన్ను చంపడానికి పేడనీళ్లు తెచ్చారని చెప్పు."

"మేడమ్, మీరు లెక్చరరా?" అన్నాడు ఎస్సై.

"అవును. అందుకే తప్పు చెబితే మళ్లీ చెప్పిస్తున్నాను."

ఇంజనీరు తడిసిన గుడ్డని చెవికి అదుముకున్నాడు. ఆఖరికి, "పండగని నాకు తెలీదు సార్. పోనిమ్మన్నది నేనే" అన్నాడు. ఆ మాట వల్ల కొంత మేలు జరిగింది. కొట్టారన్న కేసు మాత్రం పోలేదు. అన్నయ్య ఇప్పటికీ వాయిదాలకి తిరుగుతున్నాడు. డ్రైవరు మీద కూడా కేసుంది.

వదినని చూడటానికి నేను విశాఖ వార్డుకి వెళ్లిన రోజునే ఇంజనీరు కూడా పళ్ల సంచితో వచ్చాడు. చెవి అతుక్కుంది గానీ వంకరగా. మంచం పక్కన నిలబడి, ఏం కావాలన్నా అడగండమ్మా, కంపెనీతో నేను మాట్లాడతాను అన్నాడు. వదిన అతన్ని కింద నుంచి పైకి చూసింది.

"మా ఊరు రోడ్డు మీద లేదు బాబూ. కొండెక్కాలి. ఈ కాలితో నాను ఎక్కలేను."

"మనుషుల్ని పెట్టి మోయిస్తానమ్మా."

"మనుసులు మాకున్నారు. నీళ్లని రోజూ కొండెక్కించీస్తానన్నావు గదా? నన్నొక్క సారి ఎక్కించు. నువ్వే."

వేళాకోళమనుకున్నాను. అతను అనుకోలేదు. ఇంటికి పంపిన రోజున రోడ్డు ఆగిపోయే చోటుకి నిజంగానే వచ్చి నిలబడ్డాడు, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని. గట్టి కర్రకి దుప్పటి ఉయ్యాలలా కట్టి డోలీ చేశారు. ముందు కొస వదిన తమ్ముడు ఎత్తాడు. వెనక కొస ఇంజనీరు భుజం మీద పెట్టారు. పది బారలు పోకముందే అతని మొహం కందిపోయింది. చొక్కా కింద తోలు ఒలుచుకుపోయి నెత్తురు తడి కనబడింది. భుజం మార్చుకుందామని మావాళ్లు అడిగితే అక్కర్లేదన్నాడు. డోలీలోంచి వదిన "ఊపకు బాబూ, నాను నీళ్లని కాను" అంటోంది. నేను పక్కన నడుస్తూ, ఎండా గాలీ నిలవ చేయడానికి మనుషుల్లేని కొండ ఒక్కటీ దొరకలేదా అని అడుగుతున్నాను.

తోట మొదట్లోకి వచ్చేసరికి గొడ్డలి భుజాన వేసుకుని ముందు నడుస్తున్న అన్నయ్య ఆగిపోయాడు.

మిరియపు తీగ పాకిన చెట్టు నరికి ఉంది. దాని మొదట్లో సిమెంటు రాయి. మీద ఎర్ర రంగుతో అంకె. ఇంకాస్త పైన మరొకటి. ఆపైన ఇంకొకటి. రాయి నుంచి రాయికి చూపు ఆనడానికి మధ్యలో ఉన్న కాఫీ మొక్కలు వరుసగా కొట్టేసి ఉన్నాయి. కొమ్మలమీద పిందెలు ఇంకా వాడలేదు.

"ఇవెప్పుడు పాతారు?" అన్నాను.

"నేను కాదు మేడమ్. ఒట్టు. ఇంకో టీము వచ్చినట్టుంది... నాకు చెప్పలేదు."

వదిన డోలీలోంచి మెడ బయటపెట్టి చూసింది. నరికిన మొక్కలని ఒక్కొక్కటే చూసింది. అన్నయ్య ఈసారి ఆమె తిట్టు కోసం ఆగలేదు. గొడ్డలి తిప్పి పట్టుకుని, మొద్దు వైపుతో మొదటి రాయి నెత్తి మీద మోదాడు. ఇంకోటి. ఇంకోటి. సిమెంటు పెళ్లలు ఎగిరి ఇంజనీరు మోకాలి చిప్పల మీద కొట్టాయి. ఒకటి నా పాదం చీల్చింది. మా వెనక వస్తున్నవాళ్లు బండరాళ్లు ఏరుకుంటున్నారు.

"మేడమ్, చెప్పండి వాళ్లకి," అన్నాడు కర్ర కింద వంగిపోయి. "మళ్లీ కేసవుతుంది. అవి సర్వే రాళ్లు."

నేను చెప్పలేదు.

వాడు అడ్డుపడాలంటే కర్ర దించాలి. దించితే ఇనుప కడ్డీ వేసిన కాలు నేలకి కొడుతుంది. రెండు చేతులతో కర్ర కొస పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"బుజం జారనీకు బాబూ," అంది వదిన లోపల్నుంచి. "ఇంకా పైకెల్లాలి."

అన్నయ్య రెండో రాయి దగ్గరికి నడిచాడు. డోలీ అతని వెనకే కదిలింది.